నాటకం ఎవరికోసం? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఏప్రిల్ 16న, కందుకూరి వీరేశలింగం పంతులుగారి జయంతి నాడు, తెలుగు నాటకరంగ దినోత్సవం జరుపుకున్నాం. ఆ సందర్భంగా నాటకాన్ని గురించి మీ సందేహాలు రాయమని కిందటి సంచికలో కోరాం. వచ్చిన ఉత్తరాలలో చాలావరకు ఒకే అనుమానం చుట్టూ తిరిగాయి: ఈ రోజుల్లో నాటకం ఎవరికి కావాలి? ఆ అనుమానాన్ని వేర్వేరు వైపుల నుంచి అడిగినవాటిని ఎంచుకుని జవాబులు రాస్తున్నాను. కొన్నిటికి జవాబు పొడుగైంది, విషయం అటువంటిది.

ప్రశ్న: మా తాతయ్యకు పద్య నాటకమంటే ప్రాణం. పక్క ఊళ్లో 'సత్య హరిశ్చంద్ర' ఉందంటే రాత్రంతా అక్కడే ఉంటారు. ఏ దేశపు సినిమా అయినా ఇంట్లో పడుకుని ఫోనులో చూడగలిగే రోజుల్లో, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని తెల్లవార్లూ నాటకం చూడడం పాతకాలపు అభిమానం కాక మరేమిటి? నాబోటివాళ్లకు దానితో పనేమిటి?
– డిగ్రీ విద్యార్థి, ఒంగోలు

జవాబు: సూటిగా అడిగారు, సూటిగానే చెబుతాను. కథను వేగంగా నడపడంలో, యుద్ధాన్నీ సముద్రాన్నీ కళ్లకు కట్టడంలో, ముఖాన్ని దగ్గరగా చూపడంలో నాటకం సినిమాకు సాటి రాదు. ఈ పోటీ ఫోనుతో మొదలైంది కూడా కాదు. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో సురభి నాటక సమాజపు నటులే నటించారు; కథలనూ పద్యాలనూ నటులనూ నాటకం నుంచి తీసుకునే మన సినిమా నడక నేర్చింది. నాటకం పని అయిపోయిందనే మాట ఆనాటి నుంచి వింటూనే ఉన్నాం. ఆ సినిమా వచ్చి తొంభై ఏళ్లు దాటాక కూడా మీ తాతగారు పక్క ఊరికి బయలుదేరుతున్నారంటే, మరెక్కడా దొరకనిదేదో ఆయనకు అక్కడ దొరుకుతూ ఉండాలి.

అదేమిటో తెలియాలంటే ఈసారి ఆయనతో వెళ్లి కాటి సీను దాకా మేలుకుని ఉండండి. రాజ్యం పోగొట్టుకుని, ఆలుబిడ్డలను అమ్ముకుని, కాటికాపరి వీరబాహుడికి దాసుడైన హరిశ్చంద్రుడు చేత కర్ర పట్టుకుని శ్మశానంలోకి వస్తాడు. వెనుక ఒక తెర, పైన మసక వెలుతురు, అంతకు మించి రంగస్థలం మీద ఏమీ ఉండదు. పక్కన హార్మోనియం ముందు కూర్చున్న మనిషి నటుడి ముఖం వైపే చూస్తూ శ్రుతి పట్టుకుని ఉంటాడు. నటుడు పద్యం ఎత్తుకుంటాడు. మాట మాటా విడివిడిగా వినిపించేలా పాదాలు నడిపించి, చివరి పాదం ముగింపులో రాగం అందుకుంటాడు. ఆ రాగం ఎంతసేపు సాగాలన్నది ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు. జనం ఊపిరి బిగబట్టి వింటుంటే సాగదీస్తాడు. ఎక్కడో పసిపిల్ల ఏడుపు మొదలైతే కుదించుకుంటాడు. ముందు వరుసలో ఒక పెద్దాయన తల ఊపితే అదే రాగపు మలుపును ఇంకొంచెం పైకి తీసుకుపోయి వేస్తాడు. ఆ నిర్ణయాన్ని హార్మోనిస్టు వేళ్లు నటుడితో పాటే పసిగడతాయి. పద్యం పూర్తికాగానే 'వన్స్ మోర్' అని కేక వస్తుంది. రెండోసారి పాడేటప్పుడు మంచి నటుడెవరూ మొదటిసారి పాడినట్టే పాడరు. ఎక్కడ తమ మనసు కదిలిందో జనం అప్పటికే ఆయనకు తెలియజేశారు. ఆయన ఈసారి అక్కడ ఆగి పాడతాడు. ఆ రాత్రి ఆ ఊళ్లో ఆ పద్యం అలా తయారవడంలో మీ తాతగారికి కూడా భాగం ఉంది. ఎన్నిసార్లు చూసినా తెర మీది నటుడు మీ కోసం ఒక్క క్షణం కూడా ఆగలేడు.

మరో సంగతి కూడా మీరు తెలుసుకోవాలి. ఆ నాటకం రాసినవారు బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు. కాటి సీనులో జనం మళ్లీ మళ్లీ అడిగి పాడించుకునే పద్యాలలో మాత్రం గుర్రం జాషువా గారి శ్మశానవాటి పద్యాలు ఉన్నాయి. నటులు వాటిని తెచ్చి అక్కడ పాడారు, జనం ఒప్పుకున్నారు, అవి నాటకంలో భాగమైపోయాయి. కులం పేరిట జీవితమంతా అవమానాలు ఎదుర్కొన్న కవి రాసిన పద్యాలను, చావు ముందు రాజూ పేదా ఒకటేనని చెప్పే పద్యాలను, కులాల వారీగా వాడలుగా విడిపోయిన ఊరు ఒక్కచోట కూర్చుని 'ఇంకోసారి పాడవయ్యా' అని అడిగింది. అంతటితో ఊళ్లో అంటరానితనం పోయిందని నేను అనను. కానీ ఆ కోరిక అందరి ఎదుట, అందరికీ వినబడేలా బయటికి వచ్చింది. ఇంట్లో పుస్తకం చదువుకుని మెచ్చుకోవడానికీ దానికీ చాలా తేడా ఉంది.

మీ తరానికి దీనితో పనేమిటన్నారు. మీ ఫోను మీ ఇష్టాయిష్టాలను లెక్కగట్టి, మీకు నచ్చేదే మళ్లీ మళ్లీ మీ ముందుకు తెస్తుంది; నచ్చకపోతే వేలితో పైకి తోసేస్తారు. నాటకశాలలో ఆ వీలు లేదు. మీరు ఎంచుకోని మనుషుల మధ్య కూర్చుని, మీకు నచ్చని పాత్ర చెప్పేది కూడా చివరిదాకా వినాలి. మీకు నవ్వు రాని చోట పక్కవాళ్లు నవ్వుతారు. ఎందుకు నవ్వారో ఆలోచించక తప్పదు. ఇరవై ఏళ్ల వయసులో ఈ అలవాటు పట్టుబడటం అవసరమని నేను గట్టిగా నమ్ముతాను.

ప్రశ్న: మా అమ్మాయి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. కొన్నాళ్లుగా సాయంత్రాలు ఒక నాటక బృందంలో చేరి రాత్రి పదింటికి ఇల్లు చేరుతోంది. డబ్బు రాదు, సినిమాల్లోకి వెళ్లే ఉద్దేశమూ లేదంటోంది. మరి ఈ అవస్థ దేనికి? వద్దనాలా, ఊరుకోవాలా?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, మీ బెంగలో రెండు విషయాలు కలిసి ఉన్నాయి. రాత్రి ప్రయాణం గురించి మీ భయం న్యాయమైనది. ఆలస్యమైన రోజున ఆడపిల్లలు ఇల్లు చేరేందుకు ఏర్పాటు ఏమిటని బృందం నడిపేవారిని అడగండి; సరైన జవాబు చెప్పలేని బృందం నుంచి అమ్మాయిని మాన్పించడానికి వెనుకాడకండి. ఇక 'దేనికి' అన్న ప్రశ్నకు నాకు తెలిసినంత చెబుతాను.

రిహార్సల్ అంటే మాటలు బట్టీపట్టి అప్పజెప్పడమని బయటివారు అనుకుంటారు. బాధ్యతగల దర్శకుడి దగ్గర మొదటి రోజులు కూర్చుని చదవడంతోనే గడుస్తాయి. ఒక వాక్యం చదవగానే దర్శకుడు ఆపి అడుగుతాడు: ఈ మాట ఎవరితో అంటున్నావు? అతని నుంచి నీకేం కావాలి? అడగలేక దాచుకున్నదేమిటి? రోజంతా కెమెరా ఆపేసిన మీటింగుల్లో, ముఖం కనబడని గొంతులతో మాట్లాడి వచ్చిన మనిషికి, ఎదుటివారి కళ్లలోకి చూస్తూ ఒక్క మాటను పదిరకాలుగా చెప్పి చూడడం ఎంత ఊరటో మాటల్లో చెప్పడం కష్టం. ఆ తరువాత గొంతు సంగతి. మైకు లేకుండా చివరి వరుసకు వినబడాలంటే అరిస్తే చాలదు. పొట్టలోంచి ఊపిరి తీసి, పదం చివరి అక్షరం మింగకుండా పలకాలి. మన తెలుగులో వాక్యానికి క్రియ చివర వస్తుంది కనుక, చివరి అక్షరాలు మింగేస్తే వాక్యం మొత్తం పోతుంది. కొత్తవాళ్లు అందరూ మొదట తడబడేది అక్కడే. అంతకంటే కష్టమైనది, తనకు మాట లేనప్పుడు వేదిక మీద నిలబడి వినడం. ఎదుటి పాత్ర మాట్లాడుతుండగా తన వంతు కోసం ఎదురుచూసేవారు, నిజంగా వినేవారు ఎవరెవరో ప్రేక్షకుడికి ఇట్టే తెలిసిపోతుంది. ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని పెద్దలు అభినయాన్ని నాలుగుగా చెప్పారు. మొదటి మూడూ నేర్పగలిగినవి. నాలుగోది ఇలా వినగా వినగా లోపలి నుంచి పుట్టుకొస్తుంది.

మీ మనసులో ఇంకొక వెరపు కూడా ఉండి ఉండవచ్చు, అది మీ ఒక్కరిదే కాదు. మన ఇళ్లలో నాటకాలాడే ఆడవారిని చులకనగా చూసిన కాలం చాలా పొడుగైనది. స్త్రీ పాత్రలను మగవారే ధరించేవారు. స్థానం నరసింహారావు గారు స్త్రీ పాత్రలలో చూపిన ప్రతిభకు 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన కళకు నమస్కరించవలసిందే. అయినా ఆ గొప్పతనం వెనుక, రంగస్థలం ఎక్కే అవకాశమే దొరకని ఆడవారు ఎందరో ఉన్నారు. స్త్రీ పాత్రలు స్త్రీలే ధరించాలని బళ్లారి రాఘవ గారు పట్టుబట్టి, చదువుకున్న ఇళ్ల ఆడవారిని వేదిక మీదికి ఆహ్వానించినప్పుడు ఆయన చాలా నిందలు పడ్డారు. మీ అమ్మాయి ఈనాడు నిశ్చింతగా రిహార్సల్‌కు వెళ్లగలగడం వెనుక ఆ పోరాటం ఉంది. ఒక సాయంత్రం మీరే వెళ్లి వెనక కుర్చీలో కూర్చుని రిహార్సల్ చూడండి. ఆ తరువాతే వద్దనాలో ఊరుకోవాలో తేల్చుకోండి.

ప్రశ్న: 'కన్యాశుల్కం' మా ఊరి నాటకమని మాకు గర్వం. అయితే కన్యాశుల్కం అనే ఆచారమే ఇప్పుడు లేదు కదా, ఆ నాటకం ఇంకా ఆడడంలో అర్థముందా అని నా పూర్వ విద్యార్థి ఒకడు అడిగాడు. అలాగే 'చింతామణి' నిషేధంపై మీ అభిప్రాయం తెలియజేయగలరు.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయనగరం

జవాబు: మాస్టారూ, ఆడపిల్లకు వెలకట్టి తండ్రి డబ్బు తీసుకునే ఆచారం పోయిన మాట నిజమే. చిన్నతనపు పెళ్లి పోయిందా? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 20 నుంచి 24 ఏళ్ల వయసున్న స్త్రీలలో 18 నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29 శాతం పైగా, తెలంగాణలో 23 శాతం పైగా ఉన్నట్టు తేలింది. ఈ అంకెలు ఎదురుగా ఉండగా నాటకంలో ముసలివాడికి కట్టబెట్టబోయిన చిన్నపిల్ల సుబ్బి పెళ్లి ముచ్చట పాతబడిందని మీ విద్యార్థి అనలేడనుకుంటాను.

అయితే నాటకం నిలిచేది సమస్య వల్ల మాత్రమే కాదు. 1892లో మీ ఊళ్లో తొలిసారి ప్రదర్శించిన నాటకాన్ని గురజాడ వారు 1897లో అచ్చు వేయించి, ఆ తరువాత కూడా వదలక దాదాపు కొత్త నాటకమే అన్నంతగా తిరగరాసి 1909లో మళ్లీ ప్రచురించారు. మనం ఇప్పుడు చదువుకునేదీ ఆడుకునేదీ ఆ రెండోదే. పూర్తిగా ఆడాలంటే ఒక్క రాత్రికి మించిన పని కనుక కుదించుకుని ఆడతాం. జె.వి. రమణమూర్తి గారు దశాబ్దాల పాటు అలా ఆడి, గిరీశం అంటే తానే అనిపించారు. ఆ ప్రదర్శనలలో ఒక విశేషం ఉంటుంది. చదివేటప్పుడు గిరీశం గడసరితనం మనల్ని ఒంటరిగా నవ్విస్తుంది. ప్రదర్శనలో అతను ఐదువందల మందిని ఒక్కసారిగా తన పక్కకు లాక్కుంటాడు. శిష్యుడు వెంకటేశానికి చెప్పే కోతలకు, పూటకూళ్లమ్మను బురిడీ కొట్టించడానికి హాలంతా పకపకలాడుతుంది. తరువాత అతను చిన్నవయసులోనే వితంతువైన బుచ్చమ్మ దగ్గర అదే గొంతుతో, అదే చాకచక్యంతో మాట్లాడడం మొదలుపెడతాడు. మొదట కొందరు నవ్వుతారు. నవ్వు క్రమంగా పలచబడుతుంది. ఇంతసేపూ మనం ఎవరితో చేయి కలిపి నవ్వామో హాలులో ఒక్కొక్కరికీ తెలిసివస్తుంది. గురజాడ వారు ప్రేక్షకుడిని కూడా పాత్రను చేసుకున్న నేర్పు అది. తీయని మాటలతో జనాన్ని వెంట తిప్పుకునేవారు తగ్గిపోయిన కాలమేదీ నాకు తెలియదు గనుక, ఈ నాటకం ఇంకా చాలాకాలం ఆడవలసి ఉంటుంది.

'చింతామణి' సంగతి బాధాకరమైనది. కాళ్లకూరి నారాయణరావు గారు వేశ్యాలోలత్వం ఇళ్లను ఎలా కూలుస్తుందో చెప్పడానికి ఆ నాటకం రాశారు. కాలక్రమంలో కొన్ని నాటక సమాజాలు సుబ్బిశెట్టి పాత్రకు మూలంలో లేని మాటలు, వెకిలి చేష్టలు చేర్చి, ఒక సామాజిక వర్గాన్ని వేదిక మీద ఎగతాళి చేయడమే వినోదంగా మార్చాయి. ఆ వర్గంవారు ఏళ్లతరబడి అభ్యంతరం చెప్పారు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రదర్శనలను నిషేధించింది. నాటకాన్ని ప్రభుత్వ ఉత్తర్వుతో ఆపడం నాకు సమ్మతం కాదు. ఆ నాటకాన్నే నమ్ముకుని బతికిన కళాకారుల కుటుంబాలు ఉన్నాయి. కానీ నొచ్చుకున్నవారి మాటను నాటక సమాజాలే ముందుగా విని, మూలప్రతికి కట్టుబడి ఉంటే ఉత్తర్వు దాకా వచ్చేది కాదు. హరిశ్చంద్రలో జాషువా పద్యాలను చేర్చినదీ రంగస్థలమే, చింతామణిలో ఈ చెత్తను చేర్చినదీ రంగస్థలమే. జనం చప్పట్లు కొట్టారన్నది రెండోదానికి సమర్థన కాజాలదు.

ప్రశ్న: నేను నాటికలు రాస్తాను. పరిషత్తు పోటీలలో కొన్ని బహుమతులు కూడా వచ్చాయి. కానీ ప్రదర్శన సమయానికి హాలులో న్యాయనిర్ణేతలు, మిగతా సమాజాలవారు తప్ప జనం ఉండడం లేదు. లోపం ఎక్కడుంది?
– నాటిక రచయిత, గుంటూరు జిల్లా

జవాబు: మీరు అడిగింది తెలుగు నాటకానికి ఆయువుపట్టు లాంటి ప్రశ్న. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టినప్పటి నుంచి, సినిమా ఊపులో నాటకం కొట్టుకుపోకుండా నిలబెట్టినవి పరిషత్తులే. ఒక ఊరి పెద్దలు చందాలు పోగుచేసి, వచ్చిన సమాజాలకు భోజనం పెట్టి, మూడు నాలుగు రాత్రుల పాటు నాటికలు ఆడించే సంప్రదాయం తేలికైనది కాదు. ఎందరో రచయితలు, నటులు ఆ వేదికల మీద తయారయ్యారు. వారిని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు.

కానీ పోటీకి ఒక స్వభావం ఉంది. నాటిక దాదాపు గంటలో ముగియాలి. కొద్ది నిమిషాల్లో సెట్టు వేసి తీసేయాలి. ముందు వరుసలో కూర్చున్న ముగ్గురు నలుగురికి నచ్చితే ఉత్తమ రచన, ఉత్తమ ప్రదర్శన, ఉత్తమ నటుడు. ఏళ్ల తరబడి ఆ కొద్దిమంది కోసమే రాయగా, మనకు తెలియకుండానే ఒక అచ్చు తయారైంది: వృద్ధాశ్రమంలో తల్లిదండ్రులు, అమెరికాలో కొడుకు, చివరి ఐదు నిమిషాల్లో గుండెలు బాదుకునే ఏడుపు, దాని మీద వయొలిన్. వృద్ధాప్యం నిజమైన సమస్యే. అయితే ఆ తల్లిదండ్రుల ఇల్లు ఏ వీధిలో ఉంది, వారి ఆస్తి ఎంత, కొడుకు వీసా పరిస్థితి ఏమిటి, కోడలి వైపు నుంచి కథ ఎలా ఉంటుంది అన్నది మీ నాటిక చెప్పకపోతే, మీ వీధిలోని మనిషి అందులో తనను తాను చూసుకోలేడు. రాలేదని అతణ్ణి తప్పుపట్టి లాభం లేదు.

'మాభూమి' నాటకాన్ని తలచుకోండి. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్లు తెలంగాణ రైతాంగ పోరాటం నడుస్తుండగానే, 1947లో దానిని రాశారు. వామపక్ష కళాసంస్థ ప్రజానాట్యమండలి దళాలు ఊరూరా ఆడాయి. ప్రభుత్వం నిషేధించేంతగా జనంలోకి పోయింది. ఆ రాజకీయాలతో మీకు ఏకీభావం ఉండనక్కరలేదు. ఎవరి కష్టాన్ని చెబుతున్నారో వారి ముందే ఆడారన్నది గమనించండి. ఈనాడు మీ జిల్లాలో కౌలు రైతు ఉన్నాడు, పల్లె నుంచి పట్నం వచ్చి మోటారు సైకిలు మీద తిండి పొట్లాలు ఇంటింటికీ చేర్చే కుర్రవాడు ఉన్నాడు, ఫోనులో అప్పు ఇచ్చిన యాప్ వారు బంధువులందరికీ ఫోన్లు చేస్తామని బెదిరిస్తే వణికిపోతున్న కుటుంబం ఉంది. వీరిలో ఒకరి మీద నాటిక రాసి, పోటీకి పంపే ముందు వారి వాడలోనే, బడి ఆవరణలోనో కమ్యూనిటీ హాలులోనో ఆడండి. అయిపోయాక వెంటనే వెళ్లిపోకుండా కూర్చుని, ఎక్కడ అబద్ధం అనిపించిందో అడగండి. వారు చెప్పింది విని తిరగరాయండి. ఆ తరువాత పరిషత్తుకు తీసుకెళ్లండి.

ప్రశ్న: సురభివారి 'మాయాబజార్'ను పిల్లలకు చూపించాలనుకుంటున్నాం. ఇప్పటి గ్రాఫిక్స్ చూసిన పిల్లలకు తాళ్ల మీద నారదుడు దిగితే నవ్వులాటగా ఉండదా?
– గృహిణి, కడప

జవాబు: తప్పకుండా చూపించండి, అది మీ జిల్లా సొత్తు కూడా. 1885లో మీ ప్రాంతపు సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారి కుటుంబం 'కీచక వధ' ఆడడంతో మొదలై, తరాల తరబడి ఒకే కుటుంబం కొమ్మలు వేసి నాటక సమాజాలుగా విస్తరించిన ఉదంతం మన దేశంలోనే అరుదు. ఇంటి ఆడవారు ఇంటి మగవారితో కలిసి వేషం కట్టిన సమాజం అది. ఇతర చోట్ల అలా జరగడానికి ఎన్నో ఏళ్లు పట్టింది.

పిల్లలు నవ్వుతారేమోనన్నారు. నవ్వరు, నోరు తెరుచుకుని చూస్తారు. తెర మీద ఏదైనా సాధ్యమని వారికి తెలుసు గనుక అక్కడ ఆశ్చర్యం తగ్గిపోయింది. ఇక్కడ రెండు బాణాలు గాలిలో ఎదురెదురుగా వచ్చి ఢీకొని నిప్పురవ్వలు రాలుతుంటే, అది తమ కళ్ల ముందు, ఎవరో మనుషులు లాగే తీగల మీద జరుగుతోందని వారికి తెలుసు. ఎలా జరిగిందో మాత్రం అంతుపట్టదు. నాటకం అయ్యాక అనుమతి అడిగి పిల్లలను తెర వెనక్కి తీసుకెళ్లండి. ఇందాకటి ఘటోత్కచుడు రంగు తుడుచుకుంటూ ఉంటాడు, తెర లాగిన పిల్లవాడు అతని మనవడై ఉంటాడు.

సురభివారు పాతదానినే పట్టుకుని వేలాడుతున్నారనే మాట కూడా సరికాదు. బి.వి. కారంత్ గారు వచ్చి వారితో పనిచేసినప్పుడు, జర్మన్ నాటకకర్త బ్రెష్ట్ నాటకాన్ని 'బస్తీ దేవత యాదమ్మ'గా మలచి ఆ నటులతోనే ఆడించారు. పౌరాణికంలో పుట్టి పెరిగిన నటులు హైదరాబాద్ బస్తీ మనుషులై మాట్లాడారు. సమాజాన్ని నడిపిన రేకందార్ నాగేశ్వరరావు గారికి 2013లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2022లో కన్నుమూశారు. ఆ కుటుంబాల పిల్లలు ఇప్పుడు చదువులకూ ఉద్యోగాలకూ వెళ్తున్నారు, వెళ్లాలి కూడా. అందుకే చూపించాలనుకున్నవారు ఆలస్యం చేయకూడదు.

ప్రశ్న: మా తెలుగు సంఘం ఉగాదికి నాటిక వేస్తోంది. ఇక్కడి పద్ధతి ప్రకారం మాటలన్నీ ముందే రికార్డు చేసి, వేదిక మీద పెదవులు కదుపుతాం. పిల్లల తెలుగు ఉచ్చారణ సరిగా ఉండదని ఈ ఏర్పాటు. మీరేమంటారు?
– డాలస్

జవాబు: మానేయండి. మైకులు తక్కువ, హాలు పెద్దది, రిహార్సల్‌కు శని ఆదివారాలు తప్ప వీలుండదు. మీ ఇబ్బందులు నాకు అర్థమవుతున్నాయి. కానీ రికార్డు చేసిన గొంతుకు పెదవులు కదిపితే, ప్రేక్షకులు నవ్వినా నటుడు ఆగలేడు, మాట మరిచిపోతే పక్కనున్న పాత్రకు ఆదుకునే వీలుండదు. నాటకాన్ని నాటకం చేసేదంతా అక్కడితో పోతుంది. 'ళ' పలకని పిల్లవాడు తన గొంతుతో పలికిన తెలుగే మీ తల్లిదండ్రులకు వినాలని ఉంటుంది. గంట నాటిక బదులు ఇరవై నిమిషాలది ఎంచుకోండి. పాత్రలు నలుగురైదుగురికి మించనీయకండి. అమెరికాలో పెరిగిన పిల్లవాడు అక్కడి తెలుగే మాట్లాడే పాత్ర రాయించండి, ఉచ్చారణ లోపం పాత్రకు అందమవుతుంది. మైకుల సంఖ్య తక్కువైతే పాత్రలు ఎక్కడ నిలబడాలో దానినిబట్టి నిర్ణయించుకోండి.

ప్రశ్న: మేమిద్దరం ఇప్పటివరకు నాటకం చూడలేదు. మీ శీర్షిక చదివాక చూడాలనిపించింది. ఎక్కడ, దేనితో మొదలుపెట్టాలి?
– కొత్తగా పెళ్లయిన జంట, విజయవాడ

జవాబు: సంతోషం. మీ ఊళ్లోనే తుమ్మలపల్లి వారి కళాక్షేత్రం ఉంది. తెనాలి, గుంటూరు దగ్గరే. హైదరాబాద్ వెళ్లినప్పుడు రవీంద్రభారతిలోనూ, బంజారాహిల్స్‌లోని లమకాన్‌లోనూ ఏమి ఆడుతున్నారో కనుక్కోండి. మొదటిసారే తెల్లవార్లూ సాగే పద్య నాటకానికి వెళ్లవద్దు. ఒక సాంఘిక నాటికతో మొదలుపెట్టి, తరువాత 'కన్యాశుల్కం', ఆ తరువాత ఏదైనా ఊరి తిరునాళ్లలో హరిశ్చంద్రో శ్రీకృష్ణ రాయబారమో చూడండి. వెళ్లేముందు కథ తెలుసుకుంటే పద్యం అర్థం కాలేదన్న బెంగ ఉండదు. ముందు మూడు వరుసలు అతిథులకు వదిలేసి నాలుగో వరుసలో కూర్చుంటే ముఖాలు కనబడతాయి, గొంతూ వినబడుతుంది. ఉచిత ప్రవేశమైనా ద్వారం దగ్గర విరాళం పెట్టె ఉంటే సినిమా టిక్కెట్టు అంత డబ్బు అందులో వేయండి. బాగాలేకపోతే అదే మాట దర్శకుడికి మర్యాదగా చెప్పండి. చూసినవారి అభిప్రాయం కోసం వారు మొహం వాచి ఉంటారు. చూసి వచ్చాక మాకూ రాయండి, వచ్చే నెల ఈ శీర్షికలో వేస్తాం.